ఏ కప్పు, ఎవరి కప్పు? (కొలతల పాఠం చెప్పబోతున్న మా మేనకోడలికి)

అమ్మడూ,

మీ నాన్న నిన్న రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్ చేశాడు. ఆ టైములో వాడి ఫోనొస్తే ఎవరికేమైందోనని నా గుండె జారిపోతుంది. తీరా సంగతి ఇదీ: "అక్కా, మన పిల్లకి హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీలో ఉద్యోగం వచ్చింది, సోమవారం నుంచి ఫస్టియర్ వాళ్ళకి బేకరీ క్లాసు, మొదటి పాఠమే కొలతలట." వాడి గొంతులో ఆ పొంగు వింటుంటే నాకూ కళ్ళు చెమర్చాయి, అబద్ధమెందుకు. అంతటితో ఫోన్ పెట్టేసి ఉంటే హాయిగా నిద్రపోయేదాన్ని. "నలభై స్లైడ్లు రెడీ చేసుకుందక్కా, అన్నీ నెట్లోనే దొరికాయట" అన్నాడు. ఇంక నిద్రెక్కడిది.

నువ్వు నన్ను సలహా అడగలేదు, తెలుసు. 1988 నుంచి 2017 దాకా ఇరవై తొమ్మిదేళ్ళు ఇదే పాఠం చెప్పిన మేనత్త కాకినాడలో ఖాళీగా కూర్చుని ఉంటే, ఒక్క ఫోన్ చెయ్యాలని తోచలేదు నీకు. సరే, ఆ లెక్క తర్వాత చూసుకుందాం.

ముందు తేలికవి తేల్చేస్తాను. టీ స్పూను 5 మిల్లీలీటర్లు, టేబుల్ స్పూను 15, అమెరికా కప్పు 240కి ఇంచుమించు. ఔన్సు 28 గ్రాముల పైచిలుకు, పౌండు 454. బటర్ స్టిక్ అని రాసి ఉంటే 113 గ్రాములు, అంటే అరకప్పు. ఓవెన్ 350 ఫారెన్‌హీట్ అంటే 177 సెంటీగ్రేడ్, అందరూ 180 అనేస్తారు, నువ్వూ అనెయ్. కానీ బోర్డు మీద ఉత్తి 180 రాసి పక్కన సీనో ఎఫ్ఫో పెట్టకుండా వదిలేశావని తెలిస్తే హైదరాబాద్ వచ్చి మరీ చెవి మెలేస్తాను. ఇవన్నీ ఆ పిల్లల ఫోన్లలోనే ఉంటాయి. వీటికోసం ఒక గంట పాడు చెయ్యకు.

పొడి అక్షరాల దగ్గర మాత్రం ఆగు. నువ్వు తేలికనుకునేదే అక్కడ తేలిక కాదు.

మీ నాన్నమ్మ వంటల పుస్తకం గుర్తుందా, ఎర్ర అట్టది, నూనె మరకలు పడి పేజీలు అద్దం కాగితంలా అయిపోయినది? పండగ పులిహోర పేజీలో "మి. 12, మి. 1 గి., మి. పా. చెం." అని ఉండేది. పన్నెండు ఎండుమిరపకాయలు, గిద్దెడు మినపప్పు, పావు చెంచా మిరియాలు. ఏ "మి." ఏదో ఆవిడకి తెలుసు, ఇంకొకరికి తెలియాల్సిన అవసరమే ఆవిడకి రాలేదు. ఆవిడ పోయాక మొదటి సంక్రాంతికి మీ అమ్మా నేనూ ఆ పుస్తకం ముందు పెట్టుకుని గిద్దెడు మిరియాలు దంచి పోశాం. మీ తాతగారు ఒక్క ముద్ద తిని, ఏమీ అనకుండా, నాకు మజ్జిగన్నం పెట్టండమ్మా అన్నారు. మేమిద్దరం వంటింట్లోకెళ్ళి నవ్వామో ఏడ్చామో ఇప్పటికీ తెలీదు.

ఇంగ్లీషు పొడి అక్షరాలూ అంతే, ఒక ఇంటివాళ్ళు వాళ్ళలో వాళ్ళు రాసుకున్నవి. టీ ఎస్ పీ అంటే టీ స్పూను, టీ బీ ఎస్ పీ అంటే టేబుల్ స్పూను, అక్కడిదాకా ఎవరైనా నేర్చుకుంటారు. కానీ పాత అమెరికా రెసిపీల్లో ఇంకా పొదుపు చేసి చిన్న ఏబీసీడీల్లో "టి" రాస్తే టీ స్పూను, పెద్ద ఏబీసీడీల్లో "టి" రాస్తే టేబుల్ స్పూను. మన తెలుగులో పెద్దక్షరం, చిన్నక్షరం అన్న మాటే లేదు కదా. తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్లకి ఆ రెండు "టి"లూ ఒకటే, ఒకటి అందంగా రాసింది, ఒకటి తొందరగా రాసింది, అంతే. వంటసోడా ఒక టీ స్పూను పడాల్సిన చోట ఒక టేబుల్ స్పూను పడితే మూడింతలు. ఆ కేకు నోట్లో పెట్టుకుంటే సబ్బు నమిలినట్టు ఉంటుంది. అందుకని నీ క్లాసులో ఒంటి "టి" అనేది ఎక్కడా కనపడకూడదు, ముఖ్యంగా నీ చేతిరాతలో. నీ చేతిరాత నాకు తెలుసు. టెన్త్‌లో నీ లెక్కల పేపర్లో ఏడు ఒకటిలా ఉందని మార్కులు పోతే మీ నాన్న స్కూలుకెళ్ళి పోట్లాడొచ్చాడు.

ఇంకోటి, పిల్లలు వాళ్ళంతట వాళ్ళే పొడి అక్షరాలు పుట్టిస్తారు. బేకింగ్ పౌడర్‌కి బీపీ, బేకింగ్ సోడాకి బీఎస్. రికార్డు బుక్కులో "బీపీ 1 టీ స్పూను" చూసి మొదట్లో నవ్వుకున్నాను, నాకే బీపీ వచ్చేదాకా. సోడా పౌడరు కంటే మూడింతలకు పైనే పనిచేస్తుంది, ఒకదాని బదులు ఇంకోటి పడితే ఆ ట్రే చెత్తబుట్టకే. పూర్తి పేరు రాయిస్తే చేతులేమీ పడిపోవు.

పౌండుకి ఎల్ బీ ఏంటి మేడమ్, అందులో ఎల్ లేదు బీ లేదు అని ఒకడైనా అడుగుతాడు. అడిగినవాణ్ణి మెచ్చుకో. లాటిన్‌లో లిబ్రా అంటే త్రాసు, ఇంగ్లీషు వాళ్ళు మన తులారాశిని పిలిచేదీ ఆ పేరుతోనే. త్రాసుని మనం తుల అంటాం, ఆ తుల నుంచే బంగారం కొట్లో తులం. అంటే వాళ్ళ ఎల్ బీ, మన తులం రెండూ త్రాసు పేర్లే. ఔన్సుకి ఓ జెడ్ కూడా పాత ఇటలీ భాషలో ఒంజా అన్న మాట నుంచి వచ్చింది. ఇవి చెబితే పిల్లలకి గుర్తుండిపోతాయి, నాకు తెలుసు, నేను చెప్పేదాన్ని.

ఇప్పుడు నా దగ్గరున్న మంచి చిట్కా ఒకటి చెబుతాను, ఇది నీ నలభై స్లైడ్లలో లేదని పందెం. గాలను, క్వార్టు, పింటు, కప్పు, ఈ వరస పిల్లలకి చచ్చినా ఎక్కదు. రెండు కప్పులు ఒక పింటు, రెండు పింట్లు ఒక క్వార్టు, నాలుగు క్వార్టులు ఒక గాలను. ఇప్పుడు మనది చదువు: నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. సోల స్థానంలో కప్పు పెట్టుకో, తవ్వకి పింటు, మానికకి క్వార్టు, కుంచానికి గాలను. గాలనుకి పదహారు కప్పులు, కుంచానికి పదహారు సోలలు. అచ్చం ఒకటే మెట్లు! పరిమాణాలు వేరనుకో, మన కుంచాలు ఊరికో రకం కూడాను, వరస మాత్రం తుచ తప్పకుండా అదే. నేనిది కనిపెట్టిన రోజు (కనిపెట్టానని అనుకున్న రోజు, ఎవరో ఎప్పుడో చూసే ఉంటారు) స్టాఫ్ రూములో అందరికీ చెప్పాను, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. క్లాసులో మాత్రం వెనక బెంచీలో కోనసీమ పిల్లాడొకడు లేచి, మా తాత కుంచంతో కొలిచేటప్పుడు ఒకటి అనడు మేడమ్, లాభం అంటాడు అన్నాడు. లాభం, రెండు, మూడు. ఆ రోజు క్లాసంతా అలా లెక్కపెడుతూనే నీళ్ళు కొలిచారు.

క్వార్టు అనే మాట వచ్చినప్పుడు మగపిల్లలు ఒకళ్ళనొకళ్ళు చూసుకుని ముసిముసిగా నవ్వుతారు. కోప్పడకు. వాళ్ళకి తెలిసిన క్వార్టర్ 180, నువ్వు చెప్పే క్వార్టు గాలనులో నాలుగో వంతు, 946. ఆ నవ్వునే పట్టుకుని 180 మిల్లీలీటర్లు ఇంకెక్కడుందో చెప్పమని అడుగు. రైస్ కుక్కర్‌తో వచ్చే ప్లాస్టిక్ కప్పు! అది జపాన్ వాళ్ళ బియ్యం కొలత, పేరు గో. మన ఇళ్ళల్లో కప్పు అంటే చేతికి తగిలేది అదే. అమెరికా రెసిపీ చూసి దాంతో కొలిస్తే ప్రతి కప్పుకీ 60 మిల్లీలీటర్లు తక్కువే. ఆస్ట్రేలియా వాళ్ళ కప్పు మళ్ళీ 250, వాళ్ళ టేబుల్ స్పూను 20. బ్రిటిష్ పింటు 568, అమెరికా పింటు 473. అందుకే రెసిపీలో కప్పు అని కనపడితే ముందు ఏ దేశం వాళ్ళు రాశారో చూడమను.

అసలు కప్పుల్ని అంచు దాకా నింపి, పైన కత్తితో గీసి సమం చేసి కొలవాలి అన్నది కూడా పాతకాలం నుంచీ ఉన్నదేం కాదు. బోస్టన్‌లో వంట బడి నడిపిన ఫానీ ఫార్మర్ అనే టీచరు 1896లో అచ్చేసిన పుస్తకంలో ఆ పద్ధతి పట్టుబట్టి రాశాకే బాగా పాకింది. అంతకుముందు అక్కడా కోడిగుడ్డంత వెన్న అనే రాసుకునేవాళ్ళు, మనం నిమ్మకాయంత చింతపండు అన్నట్టే. కాబట్టి నిమ్మకాయంత అన్న పిల్లని చూసి నవ్వకు. ఏ నిమ్మకాయ, ఎంత బరువు అని అడిగి తూయించు.

ఇంక అసలు విషయం. ఇది మీ నాన్నకి కూడా తెలియదు.

1991. ఉద్యోగంలో చేరి మూడేళ్ళు. ల్యాబులో గోడలు బోసిగా ఉన్నాయని ప్రిన్సిపాల్ గారిని బతిమాలి, సైన్‌బోర్డులు రాసే అతన్ని పిలిపించి, కొలతల పట్టిక గోడ మీద పెద్దగా రాయించాను. పసుపు మీద నల్లక్షరాలు. లైబ్రరీలో ఒక అమెరికా పుస్తకంలో కప్పుకి ఎనిమిది ఔన్సులు అని ఉంది. ఔన్సు 28 గ్రాములు కదా, ఎనిమిదితో గుణించి 225 చేశాను. గోడ మీద రాయించాను: 1 కప్పు = 8 ఔన్సులు = 225 గ్రాములు.

చూశావా ఎక్కడ పడ్డానో? ఆ ఎనిమిది ఔన్సులు ద్రవం కొలిచే ఫ్లూయిడ్ ఔన్సులు. నేను దాన్ని బరువు ఔన్సు చేసేశాను. రెండింటికీ పేరు ఒకటే, పొడి అక్షరాలు అవే ఓ జెడ్, ముందు ఎఫ్ ఎల్ అని ఉంటే ద్రవం, అది కూడా చాలాసార్లు రాయరు. పాడు సంగతేంటంటే, వెన్నకి నా లెక్క సరిగ్గా సరిపోతుంది, కప్పు వెన్న 227. నీళ్ళకీ పాలకీ పదిహేను ఇరవై గ్రాముల్లో సరిపోతుంది. పంచదార 200, అక్కడా మరీ దూరం కాదు. మైదా దగ్గరకొచ్చేసరికి కప్పు 125 గ్రాములే. నా గోడ 225 అంటోంది.

మూడేళ్ళు ఎవరికీ తెలియలేదు. ఎందుకు తెలుస్తుంది? ప్రాక్టికల్స్ అన్నీ కప్పులతోనే చేయించేదాన్ని, కేకులు బాగానే వచ్చేవి. ల్యాబులో ఉన్న ఒక్క త్రాసు పాడవుతుందని స్టోర్ బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్ళు. పరీక్షల్లో 225 రాసినవాళ్ళకి మార్కులు వేశాను. ఒక పిల్ల ధైర్యం చేసి "మైదాకి కూడా అంతేనా మేడమ్?" అని అడిగింది కూడా. గోడ మీద ఉంది కదమ్మా అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాలుక కొరుక్కోవాలనిపిస్తుంది.

1994లో మా దగ్గర ఫస్టుగా వచ్చిన అమ్మాయికి విశాఖపట్నంలో ఒక బేకరీలో పని దొరికింది. తండ్రి లేడు, తల్లి ఇడ్లీలు అమ్మి చదివించింది. డిసెంబరులో పెద్ద క్రిస్మస్ ఆర్డరు, ముప్పై కేకులు. ఆ రోజు మాస్టారు సెలవు. రెసిపీ కప్పుల్లో ఉంది, అక్కడేమో అన్నీ తూకమే. మన పిల్ల నోట్సు తీసింది. మూడు కప్పుల మైదా, 675 గ్రాములు. ఉండాల్సింది 375. దాన్ని ముప్పైతో గుణించుకో. పిండి జారుగా ఉండాల్సింది పోయి చపాతీ ముద్దలా వస్తే భయపడి పాలు పోసి, ఇంకా పోసి, మెత్తబడేదాకా కలిపిందట. అంతసేపు కలిపిన మైదా ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు. ముప్పై ఇటుకలు. సగం నెల జీతం కోసేసి, రేపట్నుంచి రావద్దన్నారు.

ఆ పిల్ల సరాసరి నా దగ్గరికి వచ్చింది. కోపంగా కాదు. కోపంగా వచ్చినా బాగుండేది. నోట్సు నా టేబుల్ మీద పెట్టి, "నేనెక్కడ తప్పు చేశానో చూడండి మేడమ్, ఎన్నిసార్లు చూసుకున్నా తెలియట్లేదు" అంది. నేనా పేజీ చూశాను. గుండ్రటి అక్షరాలు, స్కేలు పెట్టి గీసిన గీతలు, 225 కింద రెండు గీతలు. పక్కన నా ఎర్ర ఇంకు టిక్కు, "వెరీ గుడ్" అని నా సంతకం.

అప్పటికప్పుడు నాకు అర్థమైపోయింది. చెవుల్లో హోరు. ఏమన్నానో తెలుసా? "ఓవెన్ వేడి ఎక్కువై ఉంటుందిలే అమ్మా" అన్నాను.

కొలత తప్పు ఎవరైనా చేస్తారు అమ్మడూ, నువ్వూ చేస్తావు. ఇది వేరు. ఆ పిల్ల తలూపి, నోట్సు బ్యాగులో పెట్టుకుని, వెళ్ళొస్తాను మేడమ్ అని వెళ్ళిపోయింది. నేను బీరువా తాళం అడిగి తీసుకుని, ఆ త్రాసు బయట పెట్టి, మైదా కప్పు తూచాను. 124. మళ్ళీ తూచాను. 127. సాయంత్రం అందరూ వెళ్ళాక అటెండరుతో సున్నం తెప్పించి నా చేత్తోనే గోడకి పూశాను. పసుపు మీద తెల్ల మచ్చ, ఆ ల్యాబులో ఉన్నన్నాళ్ళూ కనపడేది నాకు.

తర్వాత ఆఫీసులో పాత రిజిస్టర్లు తీయించి మూడు బ్యాచ్‌ల అడ్రసులు రాసుకున్నాను. బ్యాచ్‌కి నలభై మంది. నూట ఇరవై పోస్టు కార్డులు, అప్పుడు కార్డు పదిహేను పైసలు, పద్దెనిమిది రూపాయలయింది. గోడ మీద పట్టికలో నేను తప్పు రాయించాను, మైదా కప్పు 125 గ్రాములు, మీ నోట్సులో దిద్దుకోండి, క్షమించండి అని అన్నిటిమీదా చేత్తో రాశాను. మీ మావయ్య రాత్రిళ్ళు అడ్రసులు రాసిపెట్టేవాడు, ఒక్క ప్రశ్న వెయ్యలేదు. పాతిక కార్డుల దాకా తిరిగొచ్చాయి.

ఆ అమ్మాయి దగ్గర్నుంచి రెండు నెలలకి జవాబొచ్చింది. ఇంటికెళ్ళిన మర్నాడే వీధి చివర కిరాణా కొట్లో కప్పు మైదా తూయించి చూసుకుందట. "కొట్టతను తక్కెడ రెండుసార్లు వేశాడు మేడమ్, నూట పాతికే వచ్చింది. మీకు చెబుదామనుకున్నాను, బాధపడతారని రాయలేదు" అని రాసింది. నేను ఓవెన్ మీదకి తోసిన మాట గురించి ఒక్క ముక్క లేదు. ఆ ఉత్తరం నా దగ్గరే ఉంది, నీకు చూపించను.

ఇప్పుడు తెలిసిందా నలభై స్లైడ్లంటే నాకెందుకు నిద్ర పట్టలేదో. ఎవరో రాసింది, ఇంకెవరో ఎత్తి రాసుకున్నది, నువ్వు దించుకున్నావు. అందులో నా గోడ లాంటిది ఒకటి లేదని నీకెలా తెలుసు? ఆ పట్టికలో ప్రతి వరసా నీ చేత్తో ఒకసారి తూచి చూడు. మైదా, గోధుమపిండి, పంచదార, బెల్లం తురుము, కోకో, రవ్వ. ఆదివారం మీ నాన్నని కూర్చోబెట్టుకుని చెయ్యి, వాడికీ పనుంటుంది. పిండిని ముందు చెంచాతో కదిపి, కప్పులోకి వదులుగా వేసి తూచు, తర్వాత అదే కప్పుని డబ్బాలో ముంచి నొక్కి తూచు, తేడా చూస్తే నీకే కళ్ళు తిరుగుతాయి. నీకొచ్చిన అంకెలే క్లాసులో చెప్పు. పిల్లలకి వేరే అంకె వస్తే నీది సరైనదని వాదించకు, ఇద్దరూ కలిసి మళ్ళీ తూయండి. మీ కాలేజీలో త్రాసులున్నాయి, అవి బీరువాలో ఉంటే తాళం పగలగొట్టైనా బయట పెట్టించు.

పెద్ద వంటల లెక్క కూడా ఒకరోజు చెప్పు. పదిమంది రెసిపీని రెండొందల మందికి చేసేటప్పుడు ఉప్పూ కారమూ నేరుగా ఇరవైతో గుణించొద్దని, తగ్గించి మొదలుపెట్టి రుచి చూస్తూ వేసుకోవాలని. ఇది నువ్వు మన పెళ్ళిళ్ళ వంటవాళ్ళ దగ్గర చూసిందే.

ఇంకొక్కటి, ఇది మీ సిలబస్‌లో ఉండదు, అయినా నా కోసం చెప్పు. మీ బావకి రెండేళ్ళప్పుడు రాత్రి జ్వరమొస్తే డాక్టరు చీటీలో టీ ఎస్ పీ అని రాసి ఉంది. మీ మావయ్య నిద్రమత్తులో కూర వడ్డించుకునే స్పూనుతో పోశాడు. చూసేసరికి మింగేశాడు కూడా. తెల్లారేదాకా ఇద్దరం వాడి ఛాతీ మీద చెయ్యేసుకుని కూర్చున్నాం, వాడు మాత్రం మధ్యలో లేచి బిస్కెట్టు అడిగాడు. ఏమీ కాలేదు, దేవుడి దయ. కానీ ఆ రోజు నుంచి ప్రతి బ్యాచ్‌కీ ఇంట్లో చెంచాలన్నీ తెప్పించి, ఒక్కోదాంట్లో నీళ్ళు నింపి, సిరంజితో లాగి ఎన్ని మిల్లీలీటర్లో కొలిపించేదాన్ని. ఒకళ్ళది 3, ఒకళ్ళది 7, మధ్యలో అన్నీ. మందు మాత్రం సీసాతో వచ్చిన మూతతోనే పొయ్యమని ఇంట్లో చెప్పండి అనేదాన్ని. నీ పిల్లలకి కూడా ఈ పని చేయించు. వాళ్ళు కేకులు చేసినా చెయ్యకపోయినా రేపు తల్లులో తండ్రులో అవుతారు.

కొలిచే స్పూన్లు కొత్తవి కొనుక్కునే ఉంటావు. కింద గీసిన అంకెలు చెరిగిపోయే రకం అయితే వద్దు, స్టీలువి, అంకె చెక్కినవి తీసుకో. మొదటి రోజు ఆ గులాబీ రంగు పల్చటి చీర కట్టుకోకు, మైదా అంటితే కనపడుతుంది. మధ్యాహ్నం తిను. నువ్వు టెన్షన్లో తినవు, మీ అమ్మ చెప్పింది. గట్టిగా మాట్లాడాల్సిన పని లేదు, నెమ్మదిగా మాట్లాడినా వాళ్ళు వింటారు. చిన్నప్పుడు నువ్వు మాట్లాడితే మేమందరం పనులు మానేసి వినేవాళ్ళం కదా.

మీ నాన్న శనివారం ఇక్కడికి వస్తున్నాడు, వాడి చేత ఒక మూట పంపిస్తున్నాను. అందులో నా పాత త్రాసు రాళ్ళున్నాయి, 5 గ్రాములది పోయింది, వెతకొద్దు. పాత గుడ్డలో చుట్టి ఇత్తడి సోల కూడా పెట్టాను. నీకు ఆరేళ్ళప్పుడు పెరట్లో ఇసక కొలిచేదానివి దాంతో, నాన్నమ్మ దగ్గర విని లాభం, రెండు, మూడు అని, నాలుగు తర్వాత ఎప్పుడూ ఆరే వచ్చేది నీకు. అంచు మీద సొట్ట నువ్వు గట్టుకి వేసి కొట్టిందే. ఆ సోలతో మా అమ్మ, వాళ్ళమ్మ, నేనూ అన్నం వండాం. ఇరవై తొమ్మిదేళ్ళు ఊళ్ళో వాళ్ళ చెంచాలన్నీ కొలిపించాను గానీ, అందులో ఎన్ని మిల్లీలీటర్లు పడతాయో ఎప్పుడూ కొలవలేదు. నీ ల్యాబులో కొలజాడీ ఉంటుంది కదా, నీళ్ళు పోసి చూసి సోమవారం సాయంత్రం ఫోన్ చెయ్. ఎంత రాత్రయినా ఫర్వాలేదు.

మీ కాకినాడ అత్త